హెక్సేన్ లైన్‌లో రెండుసార్లు మీటర్ మార్చాం: ఒక తవుడు నూనె ఫ్యాక్టరీ కేస్ స్టడీ

డిసెంబరు నెల, రాత్రి పదకొండు దాటింది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక తవుడు నూనె ఫ్యాక్టరీ నుంచి ప్లాంట్ మేనేజరు ఫోన్. "ఏవండీ, మీటర్ మళ్లీ సున్నా అయిపోయిందండి. ఎక్స్‌ట్రాక్టర్‌లోకి హెక్సేన్ వెళ్తోందో లేదో తెలీట్లేదు. మావాళ్లు సైట్ గ్లాసు దగ్గర ఫ్లేమ్‌ప్రూఫ్ లైటు పెట్టుకుని చూస్తున్నారు." హెక్సేన్ అంటే తవుడులోంచి నూనెని కరిగించి లాగే, పెట్రోలు లాంటి ద్రవం; ఎక్స్‌ట్రాక్టర్ ఆ పని జరిగే పాత్ర; మీటర్ అందులోకి వెళ్లే హెక్సేన్ ప్రవాహాన్ని కొలిచేది. అప్పటికి నెలలో ఇది మూడోసారి. పొద్దున్నే వస్తానని చెప్పి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకుముందు వారమే నేను వెళ్లి "ఎర్తింగ్ ప్రాబ్లం, సరిచేశాను" అని చెప్పి ఫీజు కూడా తీసుకుని వచ్చాను.

నేనుండేది రాజమండ్రిలో. ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. చుట్టుపక్కల షుగర్, పేపర్, నూనె ఫ్యాక్టరీల్లో మీటర్లు బిగించడం, క్యాలిబ్రేషన్, మొండికేసిన వాటిని దారిలో పెట్టడం. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో తప్పులు మూడు జరిగితే అందులో ఒకటి నాది. దాన్ని దాచి రాస్తే మిగతా రెండూ అర్థం కావు.

ముందు ప్లాంట్ గురించి. రోజుకి 150 టన్నుల తవుడు ఆడతారు. మన జిల్లాల్లో ఇన్ని రైస్ మిల్లులు ఉన్నాయి కాబట్టే ఈ ఫ్యాక్టరీలున్నాయి. తవుడు మిల్లులో పడ్డ క్షణం నుంచీ అందులోని లైపేజ్ ఎంజైమ్ నూనెని చెడగొట్టడం మొదలుపెడుతుంది, అందుకే దూరం నుంచి తెచ్చి ఆడితే గిట్టదు. తవుడుని ఉడికించి పెల్లెట్లు చేసి ఎక్స్‌ట్రాక్టర్‌లో వేస్తారు, పైనుంచి వేడి హెక్సేన్ చల్లుతారు, నూనె కరిగిన హెక్సేన్ కిందికి దిగుతుంది. దాన్ని మిసెల్లా అంటారు. మిసెల్లాని ఆవిరితో కాచి హెక్సేన్‌ని ఎగరగొట్టి, చల్లార్చి, నీళ్లు వేరుచేసి, మళ్లీ వర్క్ ట్యాంకుకి, అంటే వాడకానికి హెక్సేన్ నిలవుంచే ట్యాంకుకి, పంపుతారు. అంటే ఒకే హెక్సేన్ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఎక్స్‌ట్రాక్టర్ మీదికి గంటకి ఎంత పంపుతున్నామన్నదే ఈ వ్యవహారం మొత్తానికి నాడి. తక్కువ పంపితే తవుడులో నూనె మిగిలిపోతుంది. ఎక్కువ పంపితే మిసెల్లా పలచబడి, ఆ అదనపు హెక్సేన్‌ని కాచడానికి బాయిలర్‌లో ఊక తగలేస్తారు. ఈ ప్లాంట్‌కి డిజైన్ లెక్క గంటకి 9 క్యూబిక్ మీటర్లు.

ఆ 9 క్యూబిక్ మీటర్లు, మా వాడుకలో క్యూబ్‌లు, కొలవడమే గొడవ.

మొదటి తప్పు నేను వెళ్లక ముందే జరిగిపోయింది. ఫ్యాక్టరీ కట్టినప్పుడు ఎఫ్లుయెంట్ (వ్యర్థ నీళ్ల) లైన్‌కీ, కాలువ నీళ్ల లైన్‌కీ ఎలక్ట్రోమాగ్నెటిక్ మీటర్లు పెట్టారు. అవి చక్కగా పనిచేస్తున్నాయి. జూన్‌లో కాలువకి కొత్తనీరు వచ్చి ఎర్రగా బురదలా ఉన్నప్పుడు కూడా అంకె చెక్కుచెదరదు, ఎందుకంటే లోపల తిరిగే భాగమేదీ లేదు, ఖాళీ గొట్టం, రెండు ఎలక్ట్రోడ్లు. అంత మంచిదైతే అన్నిటికీ అదే పెడదామని హెక్సేన్‌కీ అదే కొన్నారు. పెట్టిన రోజు నుంచి డిస్‌ప్లే మీద 'ఎంప్టీ పైప్' అలారం. పైపు నిండా హెక్సేన్ ఉంది, మీటర్ మాత్రం ఖాళీ అంటోంది. మీటర్ తప్పేం లేదు. కరెంటుని పారనిచ్చే ద్రవం అయస్కాంత క్షేత్రంలో కదిలితే దానిలో వోల్టేజ్ పుడుతుంది, ఆ వోల్టేజ్‌నే ఈ మీటర్ చదివేది. ఫారడే 1832లో లండన్‌లో వాటర్లూ బ్రిడ్జి మీది నుంచి థేమ్స్ నదిలోకి ఎలక్ట్రోడ్లు వేలాడదీసి, భూమి అయస్కాంతత్వంతోనే నది ప్రవాహాన్ని పట్టుకోవచ్చేమోనని చూశాడు, అంకె దొరకలేదనుకోండి. నది నీరు కాబట్టి ఆ ప్రయత్నానికైనా అర్థం ఉంది. మామూలు ఎలక్ట్రోమాగ్నెటిక్ (మాగ్) మీటర్‌కి కనీసం సెంటీమీటర్‌కి 5 మైక్రోసీమెన్స్ కండక్టివిటీ కావాలి. గోదావరి కాలువ నీళ్లకి అది కావలసినంత ఉంటుంది. హెక్సేన్‌కి, నూనెకి, పెట్రోలుకి లేనట్టే లెక్క.

ఆ మీటర్ తీసేసి వోర్టెక్స్ మీటర్ పెట్టారు. ఇది సరైన జాతే, హెక్సేన్‌కి పనికొస్తుంది. వరదలో రాజమండ్రి బ్రిడ్జి స్తంభాల వెనక సుడులు చూసే ఉంటారు, ఒకటి ఎడమవైపు పుడితే తర్వాతది కుడివైపు. తుఫాను గాలికి కరెంటు తీగలు ఈల వేసేదీ ఇందువల్లే. పైపు మధ్యలో ఒక దిమ్మె అడ్డం పెట్టి, దాని వెనక సెకనుకి ఎన్ని సుడులు పుడుతున్నాయో లెక్కపెడితే వేగం తెలుస్తుంది. తీగల ఈలల మీద పనిచేసి 1878లో ఈ లెక్కని పట్టుకున్నాయన స్ట్రోహాల్. సెకనుకి పుట్టే సుడుల్ని దిమ్మె వెడల్పుతో గుణించి వేగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తికి అందుకే ఆయన పేరు, విలువ 0.2 దగ్గర. వేగం, పైపు సైజు, ద్రవం చిక్కదనం కలిపి చెప్పే రేనాల్డ్స్ నెంబరు 20,000 దాటాక అది దాదాపు కదలదు. హెక్సేన్ నీళ్లకంటే కూడా పలచన కాబట్టి రేనాల్డ్స్ నెంబరు లక్షకి దగ్గరగా ఉంటుంది, ఆ విషయంలో బెంగ లేదు.

బెంగ ఇంకోచోట ఉంది. కొనుగోలు కాగితం నేను తర్వాత చూశాను. దానిలో ఉన్నది ఒకే లైను: వోర్టెక్స్ ఫ్లో మీటర్, హెక్సేన్, 3 అంగుళాలు, 1 నెంబరు. పైపు 3 అంగుళాలు కాబట్టి మీటర్ 3 అంగుళాలు. ఎంత ప్రవహిస్తుందని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చొక్కా కొలతలు ఇవ్వకుండా బీరువా కొలతలు ఇచ్చినట్టు.

ఆ పొద్దున నేను వెళ్లేసరికి షిఫ్ట్ ఆపరేటరు పైన ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నాడు. వాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం ఏంటంటే, మీటర్ సున్నా అయితే వాల్వు ఇంకాస్త తిప్పడం. తిప్పితే 10, 11 చూపిస్తుంది, నిమ్మళంగా ఉంటారు. "అప్పుడు మీకు కావాల్సిన 9 కంటే ఎక్కువ పోతోంది కదా" అన్నాను. "ఆయ్, పోతే పోతదండి, అంకె కనపడాలి కదండీ, లేపోతే మేనేజరు గారు ఊరుకోరు" అన్నాడు. అతన్ని ఏమనగలం. లాగ్ షీట్‌లో సున్నా రాస్తే తిట్లు, 10.5 రాస్తే సంతకం.

ఇంకొక వింత కూడా ఉంది. సున్నా అయినప్పుడు అలాగే ఉండిపోదు, ఉన్నట్టుండి కంట్రోల్ రూంలో స్కేలు చివర 20కి ఎగిరి అతుక్కుంటుంది. పైన మీటర్ డిస్‌ప్లే మీద చూస్తే అది 47. ఎప్పుడు ఎగిరినా 47కి అటూఇటూ. ఈ 47ని నేను పోయిన వారం కూడా చూశాను. చూసి, కరెంటు నాయిస్ అనుకుని, ఎర్త్ వైరు మార్చి, ఫిల్టరు సెట్టింగ్ పెంచి వెళ్లిపోయాను. ఆ అంకె గురించి కాస్త ఆలోచించి ఉంటే ఈ కేసు సగం నిడివిలో అయిపోయేది.

మీటర్‌ని అనుమానించినప్పుడు ఇంకో మీటర్‌ని అడగకూడదు, ట్యాంకునే అడగాలి. వాళ్లకి రెండు వర్క్ ట్యాంకులున్నాయి, నిలువు సిలిండర్లు, లోపలి వ్యాసం రెండున్నర మీటర్లు. తిరిగొచ్చే హెక్సేన్ అంతా ఒకదాంట్లోకి మళ్లించాం, పంపు రెండోదాన్నుంచి మాత్రమే లాగేలా వాల్వులు మార్చాం. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేశాం. హెక్సేన్‌తో వేళాకోళం పనికిరాదు. సున్నాకి ఇరవై డిగ్రీలు కింద కూడా అంటుకునే ఆవిరి ఇస్తుంది, గాలిలో ఒక శాతం పైచిలుకు చేరితే చాలు, పైగా ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు, ఎగిరిపోకుండా నేలబారున పాకుతుంది. ఇత్తడి గుండు ఉన్న డిప్ టేపు, కాటన్ బట్టలు, పైన మేనేజరు, కింద నేను. టేపు దించి పైకి లాగేలోపే హెక్సేన్ ఆరిపోతుంది, గీత కనపడదు. అందుకని టేపు మీద పేస్టు రాసి దించాలి, ద్రవం తాకినంత మేరా రంగు మారుతుంది. ఈ ట్యాంకులో ఒక సెంటీమీటరు దిగితే 49 లీటర్లు పోయినట్టు. 20 నిమిషాల్లో 71 సెంటీమీటర్లు దిగింది. అంటే గంటకి దాదాపు పదిన్నర క్యూబ్‌లు. అదే సమయంలో పైన మీటర్ 10.8కి 11.3కి మధ్య ఊగుతోంది.

తర్వాత వాల్వు తగ్గించి మళ్లీ కొలిచాం. 20 నిమిషాలకి 61 సెంటీమీటర్లు, సరిగ్గా 9 క్యూబ్‌లు, డిజైన్ ఎంతో అంతే. అప్పుడు మీటర్ ఏమంటోంది? సున్నా. కాసేపటికి 47. మళ్లీ సున్నా.

కింద ఆఫీసులో కూర్చుని లెక్క వేశాను. 80 మిల్లీమీటర్ల పైపులో గంటకి 9 క్యూబ్‌లంటే సెకనుకి సరిగ్గా అర మీటరు వేగం. వోర్టెక్స్ మీటర్ సుడిని పసిగట్టడం సుడి బలం మీద ఆధారపడుతుంది, ఆ బలం సాంద్రతనీ వేగం వర్గాన్నీ బట్టి ఉంటుంది. ఆ మోడల్ కాగితంలో నీళ్లకి కనీస వేగం 0.4 అని ఉంది. హెక్సేన్ సాంద్రత నీళ్లలో మూడింట రెండొంతులు కూడా లేదు, ఆ లెక్కన కనీస వేగం 0.5 అవుతుంది. అంటే ప్లాంట్ మామూలుగా నడవాల్సిన చోటే మీటర్ గుడ్డిదయ్యే గీత ఉంది. గీతకి ఇవతల సున్నా, అవతల అంకె. ఆపరేటరు వాల్వు ఎందుకు తిప్పుతున్నాడో ఇప్పుడు మీకు కూడా తెలిసిపోయింది.

మరి అంకె వచ్చినప్పుడైనా అది ట్యాంకు చెప్పినదానికంటే ఎందుకు ఎక్కువ? దీనిలో రెండు ముక్కలున్నాయి. ట్యాంకులో హెక్సేన్ 40 డిగ్రీలు, మీటర్ ఉన్నది హీటర్ తర్వాత, అక్కడ 58. ఆ తేడాకి హెక్సేన్ సుమారు మూడు శాతం వ్యాకోచిస్తుంది, కాబట్టి 10.5 అక్కడ 10.8 అవడం న్యాయమే. మిగతాది బుడగలు. మీటర్ పెట్టింది ఎక్కడా? పై ప్లాట్‌ఫామ్ మీద, ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రేకి అడుగు దూరంలో. ఎక్స్‌ట్రాక్టర్ లోపల ప్రెషరు వాతావరణం కంటే కొంచెం తక్కువే ఉంచుతారు, ఆవిరి బయటికి రాకుండా. వోర్టెక్స్ తయారీదార్లు ఇచ్చే సూత్రం ప్రకారం మీటర్ తర్వాత ఉండాల్సిన కనీస ప్రెషరు, మీటర్‌లో పడిపోయే ప్రెషరుకి 2.9 రెట్లు ప్లస్ ద్రవం ఆవిరి ఒత్తిడికి 1.3 రెట్లు. 60 డిగ్రీల దగ్గర హెక్సేన్ ఆవిరి ఒత్తిడి 0.76 బార్, 1.3 రెట్లంటే అక్కడికే ఒక బార్, అంటే దాదాపు వాతావరణం ఒత్తిడంత, అయిపోయింది. మార్కెట్లో దొరికే హెక్సేన్ ఒకటే పదార్థం కాదు, 63 దగ్గరే మరగడం మొదలవుతుంది. ఆ దిమ్మె వెనక హెక్సేన్ సన్నగా మరుగుతోందన్నమాట. బుడగలు కూడా చోటు ఆక్రమిస్తాయి, మీటర్ వాటినీ ప్రవాహం కిందే లెక్కవేస్తుంది.

కాబట్టి రెండు పనులు: మీటర్ సైజు తగ్గించాలి, హీటర్‌కి ముందుకి, కిందకి, పంపు ప్రెషరు ఉన్నచోటికి తేవాలి. మిగతా రకాలు ఆలోచించకుండా కాదు. రెక్కల చక్రం తిరిగే టర్బైన్ మీటర్ ఇలాంటి పలచని శుభ్రమైన ద్రవానికి చౌకగా బాగుంటుంది, కానీ హెక్సేన్‌కి జిడ్డు లేదు, బేరింగులు అరుగుతాయి, తవుడు ధూళి తిరిగొస్తే ఇంకా త్వరగా. చిల్లున్న పళ్లెం అడ్డం పెట్టి రెండు పక్కలా ప్రెషరు తేడాతో కొలిచే ఆరిఫిస్ ప్లేట్ పెడితే సగం ప్రవాహానికి ఆ తేడా పావు వంతుకి పడిపోతుంది, మూడు నాలుగు రెట్ల రేంజి మించి నమ్మలేం. పైపు బయట బిగించి శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్‌ని తనిఖీకి వాడతాను, రోజువారీ కంట్రోల్‌కి ఇలాంటి బుడగలున్న చోట పెట్టను. గొట్టాన్ని కంపింపజేసి బరువు లెక్కన కొలిచే కోరియోలిస్ పెడదామంటే యజమాని గారు ధర విని "దీంతో ఇంకో పెల్లెట్ మిషను వస్తదండి" అన్నారు. సరే, 2 అంగుళాల వోర్టెక్స్. దానిలో 9 క్యూబ్‌లకి సెకనుకి 1.27 మీటర్ల వేగం, కనీసానికి రెండున్నర రెట్లు. మీటర్‌కి ముందు వ్యాసానికి 20 రెట్ల పొడవున వంపుల్లేని తిన్నని పైపు, వెనక 5 రెట్లు, రెండు పక్కలా పైపు సైజు మార్చే రెడ్యూసర్లు. పంపు డిశ్చార్జ్ దగ్గర నేలమీద చక్కటి చోటు దొరికింది. పంపుకి దగ్గర కాబట్టి ప్రెషరుకి లోటు లేదని సంబరపడ్డాను కూడా.

సంక్రాంతికి ముందు షట్‌డౌన్‌లో బిగించాం. ట్యాంకు డిప్‌తో పోలిస్తే 8 దగ్గరా 9 దగ్గరా ఒక శాతం లోపే తేడా. అందరూ సంతోషం, మేనేజరు గారు తాటి బెల్లం బుట్ట కారులో పెట్టించారు.

రెండు వారాల తర్వాత మళ్లీ ఫోన్. ఈసారి సున్నా కాదు. తవుడు లోడు పెంచి హెక్సేన్ 10 దాటిస్తే మీటర్ 11.5కి పోయి అతుక్కుంటోంది, వాల్వు కొంచెం అటూఇటూ తిప్పినా కదలట్లేదు. వెళ్లి మొదట చేసిన పని, మీటర్ తర్వాతి వాల్వు పూర్తిగా మూసి, పంపు బైపాస్ మీద తిరుగుతుండగా డిస్‌ప్లే చూడటం. ప్రవాహం సున్నా. మీటర్ 11.5.

బయటికొచ్చి కాలువగట్టు మీద టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. అప్పుడు, చాలా ఆలస్యంగా, చేయాల్సిన భాగహారం చేశాను. 2 అంగుళాల మీటర్‌లో దిమ్మె వెడల్పు 13.5 మిల్లీమీటర్లు, 11.5 క్యూబ్‌లంటే సెకనుకి 1.63 మీటర్లు, స్ట్రోహాల్ లెక్కన సెకనుకి 24 సుడులు. పాత 3 అంగుళాల దానిలో దిమ్మె 21.6 మిల్లీమీటర్లు, 47 క్యూబ్‌లంటే సెకనుకి 2.6 మీటర్లు, మళ్లీ సెకనుకి 24. రెండు వేర్వేరు మీటర్లు, రెండు వేర్వేరు అబద్ధాలు, కానీ ఫ్రీక్వెన్సీ ఒకటే. లోపలికి వెళ్లి పంపు మోటారు నేమ్‌ప్లేట్ మీద దుమ్ము తుడిచాను. 1450 ఆర్‌పీఎం. అరవైతో భాగిస్తే 24.

మీటర్ సుడుల్ని కాదు, పంపు వణుకుని లెక్కపెడుతోంది. పోయిన నెల నేను అనుకున్నట్టు సెకనుకి 50 సైకిళ్ల కరెంటు నాయిసే అయితే పాత మీటర్ 47 కాదు, 98 చూపించాలి. ఈ ఒక్క భాగహారం డిసెంబరులోనే చేసి ఉంటే మీటర్‌ని పంపు పక్కకి తెచ్చేవాణ్ని కాదు. పైగా 2 అంగుళాల సైజుతో అసలు సుడుల ఫ్రీక్వెన్సీని 19 నుంచి 21 దగ్గరికి, అంటే పంపు వణుకుకి ఆనుకుని తెచ్చిపెట్టింది నేనే. రెండు ఫ్రీక్వెన్సీలు దగ్గరైతే సుడులు కూడా వణుకుతో జతకడతాయి, అందుకే 10 దాటగానే అంకె 11.5కి లాక్కుపోతోంది. పైపు సైజుని చూసి మీటర్ కొనడం వాళ్ల తప్పు, వేగం మాత్రమే చూసి సైజు తగ్గించడం నా తప్పు.

వణుకు తగ్గించే ప్రయత్నం చేశాం. కప్లింగ్ అలైన్‌మెంట్ చూపించాం, ఫౌండేషన్ బోల్టుల్లో ఒకటి చేత్తోనే తిరిగింది, బిగించాం. రైజర్ పైపుకి సపోర్టులు వేశాం. మీటర్‌ని తొంభై డిగ్రీలు తిప్పి సెన్సారు వణుకు దిశకి అడ్డంగా ఉండేలా పెట్టాం. మూసిన వాల్వు దగ్గర సున్నా వచ్చింది, మంచిదే. కానీ ఇది బోల్టు మళ్లీ వదులయ్యేదాకా నిలిచే పరిష్కారం, అంతే. యజమాని గారితో కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు మీరు చెప్పిన ఖరీదైనదే పెడితే ఇది పాడవ్వదని రాసిస్తారా" అన్నారు. వణుకు విషయంలో రాసిస్తాను, బుడగలు పంపిస్తే మాత్రం అదీ తప్పే చెబుతుందన్నాను. ఆ రెండో మాట వల్లే నమ్మారనుకుంటా.

కోరియోలిస్ మీటర్‌లో గొట్టాల్నే దాని సొంత ఫ్రీక్వెన్సీ దగ్గర కంపింపజేస్తారు, అది పంపు 24 కంటే చాలా పైన ఉంటుంది. లోపల ద్రవం కదిలితే గొట్టం రెండు చివరల కంపనాల మధ్య చిన్న తేడా వస్తుంది, ఆ తేడా నేరుగా కిలోల ప్రవాహం. లీటర్లు కాదు, కిలోలు. 40 డిగ్రీలా 58 డిగ్రీలా అన్న గొడవే లేదు. గంటకి 5.8 టన్నుల హెక్సేన్‌కి ఒక అంగుళం మీటర్ చాలు. మంట అంటుకునే ఆవిరి ఉండే చోటికి పనికొస్తుందని చెప్పే జోన్ 1, గ్యాస్ గ్రూప్ టూ ఏ, టీ3 గుర్తులు, పేలుడు పదార్థాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ పెసో సర్టిఫికెట్, ఇవి చూడకుండా ఆ ఏరియాలోకి ఏ మీటర్నీ రానివ్వకూడదు. హీటర్‌కి ముందు, నిలువు పైపులో, ప్రవాహం కింది నుంచి పైకి వెళ్లేలా పెట్టాం, ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గాలి చిక్కుకోదు. ముందూ వెనకా తిన్నని పైపు పొడవు దీనికి అక్కర్లేదు. కానీ జీరో చేయడం దగ్గర తొందరపడకూడదు. గొట్టాల నిండా హెక్సేన్ ఉండగా రెండు పక్కలా వాల్వులు మూసి, ఉష్ణోగ్రత నిలకడ పడేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. వాల్వు సన్నగా లీకైతే ఆ లీకునే సున్నా అనుకుంటుంది, అందుకని ముందు వాల్వులు పట్టుకున్నాయో లేదో చూసుకున్నాం.

ఫలితం హెక్సేన్ నష్టంలో కనపడుతుందని వాళ్లు ఎదురుచూశారు. అక్కడ పెద్ద మార్పేం లేదు, తిరిగే హెక్సేన్ ఎక్కువైనంత మాత్రాన పోయే హెక్సేన్ ఎక్కువవ్వాలని లేదు. మార్పు బాయిలర్ దగ్గర కనపడింది. ఆపరేటర్లు అంకె కోసం గంటకి ఒకటిన్నర క్యూబ్‌లు అదనంగా పంపేవాళ్లు కదా, అంటే దాదాపు టన్ను హెక్సేన్. దాన్ని కాచడానికి లెక్క ప్రకారం గంటకి 150 కిలోల ఆవిరి, రోజుకి మూడున్నర టన్నుల పైమాట. అంత ఆవిరికి సరిపడా ఊక ఇన్నాళ్లూ ఒక డిస్‌ప్లే మీద అంకె కనపడటం కోసం కాలిపోయింది.

ఎవరూ అడగని లాభం ఇంకొకటి వచ్చింది. కోరియోలిస్ సాంద్రత కూడా చెబుతుంది. 40 డిగ్రీల దగ్గర హెక్సేన్ లీటరుకి 0.64 కిలోల దగ్గర ఉండాలి. మార్చిలో ఒకరోజు ఉష్ణోగ్రత మారకుండానే అది 0.645కి పాకింది. నీళ్లు ఒక శాతం కలిస్తే 0.0035 పెరుగుతుంది, ఇది అంతకంటే ఎక్కువే. వాటర్ సెపరేటర్ తెరిచి చూస్తే నీళ్ల ఓవర్‌ఫ్లో లైన్‌లో బురద పేరుకుని నీటిమట్టం పైకి తన్నింది, హెక్సేన్‌తో కలిసి వర్క్ ట్యాంకుకి పోతోంది. ఇంతకుముందైతే ఇది ఎక్స్‌ట్రాక్టర్‌లో పెల్లెట్లు ముద్దకట్టాక గానీ తెలిసేది కాదు.

2 అంగుళాల వోర్టెక్స్ ఏమైందని అడుగుతారు. పారేయలేదు. డీటీకి, అంటే నూనె తీసిన తవుడులోంచి హెక్సేన్ వదిలించే పాత్రకి, వెళ్లే ఆవిరి లైన్‌లో పాత ఆరిఫిస్ ఉండేది, లోడు తగ్గినప్పుడల్లా అది కాకిలెక్కలు చెప్పేది. టెంపరేచర్ రేటింగ్ సరిపోయింది కాబట్టి వోర్టెక్స్‌ని అక్కడికి మార్చి సెట్టింగులు ఆవిరికి తిప్పాం. 3 బార్ ప్రెషరులో గంటకి 800 కిలోల ఆవిరంటే ఆ సైజులో సెకనుకి 52 మీటర్ల వేగం, సుడులు సెకనుకి 770. పంపు వణుకు 24 అక్కడికి అందదు. ఊక బాయిలరు కాబట్టి ఆవిరితో నీళ్లు కొట్టుకొస్తాయి, మీటర్‌కి ముందు మాయిశ్చర్ సెపరేటర్, ఆ నీళ్లని బయటికి వదిలేలా దానికి పనిచేసే ట్రాప్ తప్పనిసరి చేశాం.

అదే ట్రిప్పుల్లో ఎఫ్లుయెంట్ మాగ్ మీటర్ కూడా ఒకసారి విప్పాం, నెమ్మదిగా తక్కువ చూపిస్తూ పోతోందని. ఎలక్ట్రోడ్ల మీద గోరుతో గీస్తే వచ్చేంత మైనం పొర. తవుడు నూనెలో మైనం ఎక్కువ, వాషింగ్ నీళ్లతో వచ్చి పట్టేస్తుంది. వేడి నీళ్లు, మెత్తటి గుడ్డ, ఐదు నిమిషాల పని. దాని పైపు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్, ద్రవాన్ని ఎర్త్‌కి కలిపే గ్రౌండింగ్ రింగులు లేవు, అవి కూడా వేశాం. నూనె ట్యాంకర్ నింపే లైన్‌లో, రెండు గేర్ల తిరుగుడుతో కొలిచే ఓవల్ గేర్ మీటర్‌ని మాత్రం ముట్టుకోలేదు. చిక్కటి ద్రవమైతే గేర్ల సందుల్లోంచి జారేది ఇంకా తక్కువ, అది దానికి సరైన చోటు. స్ట్రెయినర్ జాలీ శుభ్రం చేయమన్నాను, నూనె 30 డిగ్రీలప్పుడూ 70 డిగ్రీలప్పుడూ లీటరు బరువు ఒకటి కాదు కాబట్టి బిల్లు వేబ్రిడ్జి మీదే వేయమన్నాను.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "3 అంగుళాల ఫ్లో మీటర్ ఏది మంచిదండీ" అంటే సైజు సంగతి చివర్న మాట్లాడదామంటాను. ముందు పైపులో ఏముంది, కరెంటు పారుతుందా, ఎంత వేడి, మరిగే వేడికి ఎంత దూరంలో ఉంది, అర్ధరాత్రి లోడు తగ్గితే ప్రవాహం ఎంతకి పడుతుంది, మీటర్ తర్వాత ప్రెషరు ఎంత మిగులుతుంది, చుట్టుపక్కల ఏది ఎంత స్పీడులో తిరుగుతోంది. ఈ ఆఖరి ప్రశ్నకి చాలామంది నవ్వుతారు. నేమ్‌ప్లేట్ ఫోటో పంపమంటాను, సేఫ్ ఏరియా నుంచి కాకపోతే పర్మిట్ తీసుకుని.

3 అంగుళాల వోర్టెక్స్ ఇంకా వాళ్ల స్టోర్స్‌లోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కప్పి, 'బాగానే ఉంది' అని చాక్‌పీసుతో రాసి. గంటకి 20 క్యూబ్‌లు దాటే శుభ్రమైన నీళ్ల లైన్, పంపుకి దూరంగా, ఎక్కడైనా దొరికితే చెప్పమని మేనేజరు గారు అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటారు.